జాబితాలో నాలుగో ఊరు

ఎడిసన్, న్యూజెర్సీ
ఫిబ్రవరి 9, 2025

చిరంజీవి శ్రుతికి గౌరీశంకర్ అంకుల్ ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ మేం క్షేమం, అక్కడ మీరు క్షేమమని తలుస్తాం అంటూ ఉత్తరం మొదలుపెట్టాలని సండే తెలుగు క్లాసులో మీకందరికీ నేర్పింది నేనే. నీవైపు క్షేమమేనని మీ అమ్మ రచన మొన్న కూరగాయల షాపులో కనిపించి చెప్పింది. నావైపు సంగతంటావా, మోకాళ్లు నా మాట వినడం లేదు, నేను డాక్టరు మాట వినడం లేదు. లీల ఆంటీ పోయి రెండేళ్లు నిండాయి. ఒక్కడికి ఈ ఇల్లు చాలా పెద్దది.

నీ మెసేజ్ చూసి ముందు చాలా సంతోషించాను. డబ్లిన్‌లో కుదురైన ఉద్యోగానికి సెలవు పెట్టి, పది నెలలు ఘానా పల్లెల్లో పిల్లలకి టీకాలు వేయించే ప్రోగ్రామ్‌లో వాలంటీర్‌గా వెళ్తున్నానన్నావు. నాకు ఘానా మీద ఒక బ్రీఫ్ కావాలి అంకుల్, వెబ్‌సైట్‌లో దొరికేది కాదు, మీరు చూసింది, టూ పేజెస్ చాలు, తెలుగులోనే రాయండి, నాకు రీడింగ్ ప్రాక్టీస్ అవుతుంది అన్నావు. ఆరేళ్లు బతికిన దేశాన్ని రెండు పేజీల్లో కుక్కమనడం మీ తరానికే చెల్లింది. అయినా నా క్లాసులో వత్తుల దాకా వచ్చిన పిల్లవి నువ్వొక్కదానివే కాబట్టి రాస్తున్నాను. మిగతావాళ్లు గుణింతాల దగ్గరే సాకర్ ప్రాక్టీస్‌కి పారిపోయారు.

మ్యాపులో ఆఫ్రికాకి పడమటివైపు పొట్ట ముందుకొచ్చి ఉంటుంది చూడు, దాని అడుగున సముద్రాన్ని ఆనుకుని ఉంటుంది ఘానా. ఒకపక్క ఐవరీ కోస్ట్, ఇంకోపక్క టోగో, పైన బుర్కినా ఫాసో. రాజధాని అక్రా. గ్రీనిచ్ రేఖ అక్రా పక్కనున్న టేమా రేవు మీదుగా పోతుంది, భూమధ్యరేఖ కూడా ఎంతో దూరం లేదు. అందుకని లోకానికి నడిబొడ్డు మాదేనని గొప్పలు పోతారు. పోనీలే, విని నవ్వు. దక్షిణాన దట్టమైన అడవి, ఉత్తరానికి వెళ్లేకొద్దీ చెట్లు పలచబడి గడ్డినేల. డిసెంబరు, జనవరి నెలల్లో సహారా ఎడారి నుంచి హర్మటాన్ అనే పొడిగాలి వీస్తుంది. దుమ్ముకి పక్కింటి గోడ కూడా కనిపించదు, పెదాలు పగిలి నెత్తురొస్తుంది. వాసెలిన్ రెండు డబ్బాలు పెట్టుకో.

వోల్టా నది మీద ఆకొసోంబో దగ్గర కట్టిన ఆనకట్ట వెనక సముద్రమంత జలాశయం ఉంది. విస్తీర్ణంలో మనిషి కట్టినవాటిలో అంతటిది లేదంటారు. దేశానికి కరెంటు అక్కణ్నుంచే వచ్చేది. దాని కింద ఏడొందల పైచిలుకు ఊళ్లు మునిగిపోయాయి. నేను పడవలో వెళ్లినప్పుడు నీళ్ల మధ్య ఎండిన చెట్లు నిలబడే ఉన్నాయి. పడవ నడిపే ఆయన ఒకచోట ఇంజను ఆపి, ఇది మా అమ్మమ్మ వాకిలి అని చెప్పి, మళ్లీ నడిపాడు.

ఇక సంపద. తెల్లవాళ్లు ఆ దేశానికి పెట్టిన పేరే గోల్డ్ కోస్ట్. కోలార్ గనుల్లో పనిచేస్తున్న నన్ను 1978లో అక్కడికి లాక్కెళ్లింది కూడా ఆ బంగారమే. అదికాక మాంగనీసు, బాక్సైటు, వజ్రాలు, కలప, ఈమధ్య సముద్రంలో చమురు. నువ్వు తినే చాక్లెట్‌లో కోకో చాలావరకు అక్కడిదీ, పక్కనున్న ఐవరీ కోస్ట్‌దీను. ఒక్క మాట గుర్తుపెట్టుకో. రాయి బంగారాన్ని ఒంటరిగా ఇవ్వదు, దాంతోపాటు ఇంకేవేవో పట్టుకొస్తుంది. జియాలజీ చదివినవాడికి మొదటి ఏడాదే చెప్పే పాఠం అది.

అసలు విషయానికొస్తాను. నీ మెసేజ్ చివర నీకిచ్చిన ఐదు ఊళ్ల జాబితా పెట్టావు. అందులో నాలుగోది మెన్సాక్రోమ్. ఆ పేరు కొట్టేయించుకో. రోడ్డు బాగోదు, వానాకాలం తెగిపోతుంది, పాములెక్కువ. ఆ ఊరు నాకు తెలుసు. ఇంతకంటే అడక్కు.

నవ్వుకోనంటే ఇంకోటి చెబుతాను. నీ జాబితా వచ్చినప్పట్నుంచీ ఇంట్లో ఒక చప్పుడు మొదలైంది. మంచు కరిగితే బేస్‌మెంట్‌లో నీళ్లు తోడే పంపు దానంతటదే ఆన్ అవుతుందని నాకూ తెలుసు. ఇది ఆ చప్పుడు కాదు. ఎవరో చేతిపంపు కొడుతున్నట్టు, నాలుగు పొడి దెబ్బలు, తర్వాత నీళ్లు పడటం. మనిషిని పిలిపించి చూపించాను. పంపు కొత్తదానిలా ఉంది సార్, ఈ వారంలో అసలు ఆన్ కానేలేదు అన్నాడు. పట్టపగలు వినిపిస్తోంది శ్రుతీ. కాఫీ కలుపుకుంటున్నప్పుడు, టీవీలో వార్తలు చూస్తున్నప్పుడు.

ఆ పేరు మాత్రం కొట్టేయించుకో. ఈ ముసలాడి కోసం.

ఇట్లు
నీ సండే క్లాసు మాస్టారు,
గౌరీశంకర్


ఎడిసన్
మార్చి 15, 2025

చిరంజీవి శ్రుతికి ఆశీస్సులు.

నీ ఫోన్ వచ్చాక వారం రోజులు ఏమీ తోచలేదు. నేను కొట్టేయమన్న పేరు పట్టుకుని కోఆర్డినేటర్‌తో మాట్లాడి, బేస్ కూడా మెన్సాక్రోమ్‌కే మార్పించుకున్నావు. మీరు అంత దాస్తున్నారంటే అక్కడ మీకు ఏదో స్పెషల్ ఉంది అంకుల్, సో నేనే వెళ్లి చూసి ఫొటోలు పంపిస్తా, సర్‌ప్రైజ్ అన్నావు. పది నెలలు ఆ ఊళ్లోనే గది తీసుకుంటున్నానన్నావు. ఊరి మధ్యలో పాత హ్యాండ్‌పంప్ ఉందట, వాటర్ ప్రాబ్లమ్ అస్సలు లేదట అని కూడా అన్నావు. నేను ఊఁ కొట్టి ఫోన్ పెట్టేశాను.

సరే. దేశం గురించి మిగిలింది ఇప్పుడు చెబుతాను. ఆ ఊరి గురించే చెబుతాను, దేశం అందులోనే వస్తుంది.

మెన్సాక్రోమ్ అంటే మెన్సా అనే ఆయన కట్టిన ఊరు. మనకి పాలెం, పురం ఉన్నట్టు వాళ్లకి క్రోమ్. మా గని నుంచి పద్నాలుగు మైళ్లు మట్టిరోడ్డు, కోకో తోటల మధ్య అరవై గడప. రాతి నమూనాల కోసం తిరుగుతూ మొదటిసారి ఆ ఊళ్లో ఆగాను. వచ్చిన పని గబగబా చెప్పబోతే ఒకావిడ చెయ్యెత్తి నన్ను ఆపింది. కూర్చోమంది. గ్లాసుతో నీళ్లిచ్చి తాగేదాకా చూసింది. అప్పుడు అడిగింది, ఏం పనిమీద వచ్చావని. అక్కడి అకాన్ తెగవాళ్ల ఇళ్లలో పద్ధతి అది. నీళ్లు తాగకుండా మాట మొదలుపెట్టకూడదు. వద్దంటే వాళ్ల ఇంటినే వద్దన్నట్టు. ఎడంచేత్తో పుచ్చుకోకూడదు, అదొక్కటీ మీ అమ్మమ్మ నీకు ముందే నేర్పి ఉంటుంది.

ఆవిడ పేరు అఫువా. ఊరికి రాణమ్మ. రాజంటే అక్కడ ఊరిపెద్ద, రాణమ్మ అంటే ఆయన పెళ్లాం కాదు. రాజుకి అక్కో, మేనత్తో, తల్లో అవుతుంది. రాజు ఎవరవ్వాలో పేరు చెప్పేది ఆవిడే, దారి తప్పితే నలుగురిలో చీవాట్లు పెట్టేదీ ఆవిడే. అక్కడ ఆస్తి తండ్రి నుంచి కొడుక్కి పోదు, మేనమామ నుంచి మేనల్లుడికి పోతుంది. ఇది విని లీల, మా అన్నయ్యకి ఇంకా తెలీనట్టుంది, చెప్పి చూడనా అని ఒక పూటంతా నవ్వింది. పేర్లు పుట్టిన వారాన్నిబట్టి పెడతారు. శుక్రవారం ఆడపిల్ల అఫువా. నేను సోమవారం వాణ్ని, క్వాడ్వో అన్నారు. నువ్వు గురువారం పుట్టావట, నిన్ను యా అని పిలుస్తారు, ఉలిక్కిపడకు.

ఆవిణ్ని నేను తెలుగులోనే అక్కా అనేవాణ్ని. అర్థం చెప్పాక తమ్ముడూ అనడం నేర్చుకుంది. చివర్లో నాలుక తిరిగేది కాదు, అయినా మానేది కాదు. తోడబుట్టినవాళ్లు లేనివాణ్ని, ఆ పిలుపుకి పడిపోయాను. ఆదివారం వస్తే నేనూ లీలా అక్కడే. దుంపలూ అరటికాయా రోట్లో దంచి ఫుఫు చేసేది. అది నమలకూడదు, మింగాలి. లీలకి ఎప్పటికీ చేతకాలేదు.

ప్రభుత్వం సంగతి కూడా అడిగావు. 1957లో స్వతంత్రం వచ్చింది. సహారాకి దిగువన తెల్లవాళ్ల చేతుల్లోంచి ముందుగా బయటపడ్డ దేశాల్లో అదొకటి. ఆ తర్వాత సైన్యం రావడం, పోవడం, మళ్లీ రావడం. నేనున్న ఆరేళ్లలో రెండుసార్లు చూశాను. పొద్దున్నే రేడియోలో బ్యాండు మోగితే ఆఫీసుకి వెళ్లాలా వద్దా అని పక్కింటివాళ్లని అడిగేవాళ్లం. ఇప్పుడు అలా కాదు. 1992లో రాజ్యాంగం రాసుకున్నారు, నాలుగేళ్లకోసారి ఎన్నికలు, ఓడినవాడు దిగిపోతున్నాడు. అక్రాలో ప్రెసిడెంటు, పార్లమెంటు ఉన్నా ఊళ్లో నేల ఎవరిది, తగువు ఎవరు తీర్చాలి అంటే ఇప్పటికీ రాజూ రాణమ్మా చూసుకునేవే ఎక్కువ. నీ టీకాల మందు సంగతి కూడా ముందు రాణమ్మకి చెప్పు. ఆవిడ సరేనంటే తల్లులందరూ వస్తారు.

1983 వచ్చింది. వానల్లేవు. అడవులూ కోకో తోటలూ తగలబడ్డాయి. అదే సమయానికి నైజీరియా పది లక్షలమంది ఘానావాళ్లని వెళ్లగొట్టింది. తిండి చాలని ఊళ్లలోకి వాళ్లంతా తిరిగొచ్చారు. చిక్కిపోయి మెడ ఎముకలు బయటపడితే, నెక్లెస్ వేసుకున్నాం చూడు అని వాళ్లలో వాళ్లే నవ్వుకునేవారు. మెన్సాక్రోమ్ చెరువు బురదైపోయింది. ఆ బురదే వడకట్టి తాగారు. మార్చి ఒక్క నెలలో పదకొండుమంది పిల్లలు విరేచనాలతో పోయారు. అఫువా అక్క నన్నేమీ అడగలేదు. అడిగి ఉంటే కుదరదని చెప్పేవాణ్నేమో.

ఈస్టర్ సెలవుల్లో, పై ఆఫీసుకి చెప్పకుండా, కంపెనీ రిగ్గు తీసుకెళ్లి ఊరి మధ్యలో బోరు వేయించాను. రిగ్గు లాగ్ పుస్తకంలో టెస్ట్ హోల్, నీళ్లు లేవు అని రాశాను. డ్రిల్లు దిగేముందు అలవాటు కొద్దీ కొబ్బరికాయ కొడితే, ఊరంతా చుట్టూ చేరి ఆ దేవుడెవరని అడిగారు. నూట ఎనభై అడుగుల దగ్గర నీళ్లు పడ్డాయి. తేటగా, చల్లగా. ఆడవాళ్లు నన్ను ఎత్తుకుని ఊరంతా తిప్పారు. పంపు బిగించి దానికి నా పేరు పెట్టారు. మళ్లీ నేనున్నన్నాళ్లు ఆ ఊళ్లో విరేచనాలతో ఒక్క బిడ్డ కూడా పోలేదు. నా జన్మలో చేసిన మంచి పని అదొక్కటే అనుకున్నాను.

ఇప్పుడు అఫువా అక్కే కనిపిస్తోంది శ్రుతీ. నాకు మతి చెడిందని మీ అమ్మకి ఫోన్ చెయ్యకు. మొన్న ఓక్ ట్రీ రోడ్‌లో స్వీట్ షాపు బయట, మిట్టమధ్యాహ్నం, జనంలో నిలబడి ఉంది. అప్పటి వయసే. అప్పట్లో కట్టుకునే నల్లంచు గుడ్డే చుట్టుకుని, చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని. తిట్టదు, పిలవదు. ఎంతసేపయినా అలా చూస్తూ నిలబడుతుంది, నేనే ముందు మాట్లాడాలన్నట్టు. నిన్న మా డ్రైవ్‌వేలో, చెత్తడబ్బాల పక్కన కనిపించింది. లీల ఉంటే చెప్పుకునేవాణ్నా అంటే, ఏమో, ఉన్నన్నాళ్లూ చెప్పలేదుగా.

1984 జూన్‌లో అమెరికా వీసా వచ్చింది. వీడ్కోలు చెప్పడానికి వెళ్తే రాజుగారి వాకిట్లో ఊరంతా కూడింది. అక్క తన చేత్తో పంపు కొట్టి, గ్లాసు నింపి తెచ్చి నాకిచ్చింది. వాళ్లకి పోయిన పెద్దల్ని తలచుకుని ముందు కొంచెం నేలమీద వదిలే ఆచారం ఉంది. మన తర్పణంలాంటిదే. నేను కొంచెం కాదు, గ్లాసంతా వదిలేశాను. అందరూ తడిసిన నేలకేసి చూశారు. తర్వాత చప్పట్లు. దూరదేశం వెళ్లేవాడు తను తాగాల్సింది కూడా మన పెద్దలకే ఇచ్చేశాడని ఒక ముసలాయన కళ్లు తుడుచుకున్నాడు. అక్క నా తలమీద చెయ్యి పెట్టి చాలాసేపు తియ్యలేదు.

ఆ తర్వాత కొన్నేళ్లు ఉత్తరాలు నడిచాయి. మెల్లగా అవీ ఆగిపోయాయి. దూరాలు అలాంటివి కదమ్మా. ఏప్రిల్ ఆరున నీ ఫ్లైట్ అన్నావు. ఎల్లో ఫీవర్ సూది కార్డు పాస్‌పోర్ట్‌లోనే పెట్టుకో. క్షేమంగా వెళ్లిరా.

ఇట్లు
ఆశీస్సులతో,
గౌరీశంకర్

తా.క. మార్చి 18, మంగళవారం. అంటించిన కవరు మూడు రోజులు కారులోనే తిప్పాను. ఇప్పుడు పోస్టాఫీసు పార్కింగ్‌లో కూర్చుని మళ్లీ చింపాను. ఇది కూడా రాయకపోతే పైన రాసిందంతా అబద్ధమవుతుంది.

అక్కడి బంగారం రాళ్లతోపాటు ఆర్సెనిక్ ఉంటుంది. తెలుగులో పాషాణం అంటాం. నాకది తెలుసు. తెలుసు కాబట్టే బోరు వేసిన నెలలోనే ఒక సీసా నీళ్లు పరీక్షకి పంపాను. ఆ కరువు గందరగోళంలో రిపోర్టు రావడానికి పదకొండు నెలలు పట్టింది. 1984 మార్చిలో వచ్చింది. అప్పటి హద్దుకి ఏడు రెట్లు. దానికి రంగుండదు, వాసనుండదు, రుచుండదు. రిపోర్టు చూపిస్తే పంపు మూసెయ్యాలి. మూస్తే రిగ్గు ఎవరు తెచ్చారంటారు, నేను రాసిన దొంగ లాగ్ బయటపడుతుంది, కంపెనీ సర్టిఫికెట్ ఇవ్వదు, అది లేకపోతే వీసా లేదు. చెరువు నీళ్లు నెలలో చంపుతాయి, ఇవి పదేళ్లకి కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. నేను నోరు మూసుకుని మూడు నెలలు తిరిగాను, వాళ్లు తాగారు. ఆ గ్లాసు నేను పెద్దల కోసం వదల్లేదమ్మా. తాగడానికి భయమేసి వదిలేశాను.

ఉత్తరాలు వాటంతటవి ఆగలేదు. 1996లో అక్క బడిపంతులు చేత రాయించింది. ఊళ్లో చాలామందికి అరచేతుల్లో, అరికాళ్లలో గింజల్లా గట్టి కాయలు లేస్తున్నాయట. ఒంటిమీద మచ్చలట. తనకీ వచ్చాయి, ఏ మందుకీ లొంగడం లేదు, నువ్వు చదువుకున్నవాడివి తమ్ముడూ, ఇదేం జబ్బో నీకేమైనా తెలుసా అని అడిగింది. ఆ ఏడాది నేను ఇదే న్యూజెర్సీలో జనాల పెరటి బావుల్లో ఆర్సెనిక్ కొలిచి, తాగొద్దని రిపోర్టులు రాసే ఉద్యోగంలో ఉన్నాను. ఆ ఉత్తరానికి జవాబు రాయలేదు. లీలకి చూపించలేదు.

రిపోర్టు అసలు కాగితం, అక్క ఉత్తరం ఈ కవర్లో పెట్టాను. వాటి ఫొటోలతో, రిగ్గు సంగతితో సహా, నా పేరూ అడ్రసూ పెట్టి నిన్న అక్కడి జిల్లా ఆరోగ్యశాఖకీ మీ కోఆర్డినేటర్‌కీ ఈమెయిల్ చేశాను. వాళ్లెప్పుడు కదులుతారో తెలీదు. నువ్వు మాత్రం అక్కడ చుక్క కూడా తాగకు. మర్యాద తప్పితే తప్పనీ. మీ అమ్మకి ఈ సాయంత్రం నేనే వెళ్లి చెబుతాను.

అక్కకి ఇప్పుడు తొంభైకి దగ్గర ఉంటుంది, ఉంటే. ఉంటే ఆవిడ అడిగినదానికి నువ్వు జవాబు చెప్పు. జబ్బు పేరు అక్కర్లేదు. నీళ్లు అని చెప్పు. తమ్ముడికి అప్పుడే తెలుసని చెప్పు.